గొళ్ళెం ఎవరు పెట్టారు?

ఆదివారం ఎవరింట్లో భోజనాలకు చేరినా, పెరుగన్నం దాకా వచ్చేసరికి మన సంభాషణ ఒక్కచోటికే చేరుతుంది: "మా చిన్నప్పుడు..." పొద్దున్నే చద్దన్నం తిని బయటపడితే దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరడం, కాలవలో ఈతలు, తోటలో మామిడికాయల దొంగతనం, రెండు మైళ్ళు నడిచి బడికి పోవడం. చెప్పేవాళ్ళకీ వినేవాళ్ళకీ కళ్ళు మెరుస్తాయి. అదే సమయంలో పై గదిలో మన పిల్లలు తలా ఒక టాబ్లెట్ పట్టుకుని కూర్చుని ఉంటారు. వాళ్ళలో పదకొండేళ్ళవాడు ఇంతవరకు ఒక్కడూ మెయిన్ స్ట్రీట్ దాకా నడిచి, పాలు కొని తెచ్చి ఎరగడు. ఇది మనకెవరికీ విడ్డూరంగా తోచదు.

తప్పు దేశానిదనీ, కార్లదనీ, కాలానిదనీ తేల్చేస్తాం. కొంత నిజమే. ఇంగ్లండులో 1971లో ఏడెనిమిదేళ్ళ పిల్లల్లో నూటికి 80 మంది పెద్దల తోడు లేకుండా బడికి వెళ్ళేవారు. 1990 నాటికి ఆ సంఖ్య 9కి పడిపోయింది. ఐర్లండులోనూ 2022 జనాభా లెక్కల ప్రకారం ప్రాథమిక పాఠశాల పిల్లల్లో సగానికి పైగా కారులో వెళ్ళేవాళ్ళే. కాబట్టి ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. అయినా, జూన్ నెలలో రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుతురుండే ఈ స్వోర్డ్స్‌లో, ఎస్టేటు మధ్య పచ్చిక మీద ఐరిష్ పిల్లలు బంతి తన్నుకుంటూనే ఉంటారు. మనవాళ్ళు ఆన్‌లైన్ లెక్కల క్లాసు ముగించుకుని కిటికీలోంచి చూస్తూంటారు. ఆ పచ్చికకీ మన గుమ్మానికీ మధ్య చాలా ఇళ్ళకి రోడ్డు కూడా అడ్డం లేదు.

"మరి 2025 వేసవి మాటేమిటి?" అని అడుగుతారు. అడగవలసిందే. ఆ జూలైలో టాలాలో ఒక భారతీయుణ్ణి వీధిలో దారుణంగా కొట్టారు. ఆగస్టు 1న మన రాయబార కార్యాలయం, వేళకాని వేళ నిర్మానుష్యమైన చోట్లకు వెళ్ళవద్దని హెచ్చరించింది. కొద్ది రోజులకే వాటర్‌ఫర్డ్‌లో భారతీయ కుటుంబానికి చెందిన ఆరేళ్ళ పాపని, ఇంటి ముందు ఆడుకుంటూండగా కొట్టారన్న వార్త వచ్చింది. ఫీనిక్స్ పార్కులో జరగవలసిన ఇండియా డే వాయిదా పడింది. ఈ భయాన్ని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. కాని ఒక్క ప్రశ్న: 2024లో మన పిల్లలు బయట ఆడుకున్నారా? లేదు. గొళ్ళెం అప్పటికే పెట్టి ఉంది. 2025 దానికి తాళం వేసిందంతే.

మన చిన్నతనం గురించి కూడా నిజం చెప్పుకుందాం. మనల్ని ఎవరూ కనిపెట్టి ఉండలేదనుకోవడం పొరపాటు. కొట్టు శెట్టిగారు, అరుగు మీది తాతగారు, ఎదురింటి పిన్నిగారు అందరూ చూస్తూనే ఉండేవారు. "మీవాడు చెరువుగట్టున కనిపించాడమ్మా" అన్న కబురు మనకన్నా ముందే ఇల్లు చేరేది. పైగా ఆ స్వేచ్ఛ అందరిదీ కాదు. పెద్దమనిషి కాగానే అక్కచెల్లెళ్ళకి వీధి గుమ్మం మూసుకుపోయింది. మగపిల్లలకీ చాలామందికి అది పదో తరగతితో సరి. ఆ తరవాత ఇంటర్ పేరిట రెండేళ్ళు రెసిడెన్షియల్ కాలేజీ గోడల మధ్య చదువే చదువు. మనలో ఎందరినో విమానం ఎక్కించింది ఆ రెండేళ్ళే. అందుకే కాబోలు, కబుర్లు కాలవ గట్టువి చెబుతూ పిల్లలకి మాత్రం ఆ కాలేజీ గోడలనే కట్టి ఇస్తున్నాం, అదీ ఏడో ఏటినుంచే. పిల్లలు పెద్దల సొత్తు కాదని చలం 'బిడ్డల శిక్షణ'లో పోట్లాడి దశాబ్దాలు గడిచాయి. ఆయన పుస్తకం అలమారలో పెట్టుకుంటే చాలునా?

పిల్లల్ని ఏ వయసులో ఒంటరిగా విడవవచ్చో ఐర్లండు చట్టం అంకె వేసి చెప్పలేదు. ఆ వివేకం తల్లిదండ్రులదే. కనక ఆ వివేకం వాడుదాం. ఒకే ఎస్టేటులోని నాలుగు తెలుగు ఇళ్ళు మాట్లాడుకుని, ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళని గుంపుగా పచ్చిక మీదికి పంపాలి. రోజుకొక ఇంటి పెద్ద గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చోవాలి. పక్కింటి ఐరిష్‌వాళ్ళకి చెయ్యి ఊపి ఊరుకోక టీకి పిలవాలి. ముఖపరిచయం లేనిదే పక్కింటి పిన్నిగారు ఎక్కడా పుట్టదు. పదేళ్ళు దాటినవాళ్ళు ఇద్దరు ముగ్గురుగా వార్డ్ నది పార్కులోంచి కోట దాకా నడవాలి. ఇంకాస్త పెద్దయ్యాక 41 నంబరు బస్సెక్కాలి. ఆడపిల్లకీ మగపిల్లాడికీ ఒకటే నియమం. ఎవరైనా తిట్టినా, రాయి విసిరినా ఇంటికొచ్చి చెప్పమనాలి. చెప్పిన రోజున "అందుకే వెళ్ళొద్దన్నాం" అనకుండా, మనం నలుగురం కలిసి గార్డా స్టేషనుకి వెళ్ళి ఫిర్యాదు రాయించాలి.

ఇది చదివి కొందరికి కోపం రావచ్చు. మాకు ముందు మా మీదే వచ్చింది. వచ్చే ఆదివారం "మా చిన్నప్పుడు" అని మొదలుపెట్టేముందు, పై గదిలోని పిల్లల్ని కిందికి పిలుద్దాం. పెద్దవాళ్ళ చేతిలో అయిదు యూరోలు పెట్టి, పెరుగు తెమ్మని పంపుదాం. పెరుగన్నం అరగంట ఆలస్యమైతే ఎవరి కొంపా మునగదు.