చిల్లంగి అనే మాట

గారడీ ఒక వృత్తి, హస్తలాఘవంతో పొట్టపోసుకోవడం. మాంత్రికుడనేది తనకు తానే తగిలించుకునే బిరుదు. మా చోడవరానికి ఎగువన, మన్యంలో వినిపించే ‘చిల్లంగి’ వీటివంటిది కాదు. తాను చిల్లంగి పెడతానని ఎవరూ చెప్పుకోరు. ఇరుగుపొరుగువారే అంటగడతారు, అదీ తరచు ఎదురు చెప్పలేని ముసలివారికి. ఆ నెపంతో జరిగిన హత్యల వార్తలు మీరూ చదివే ఉంటారు.

మన్యానికి పాత శత్రువు ఫాల్సిపారం మలేరియా. అది మెదడుకు సోకితే, మొన్నటిదాకా పొలం పనిచేసిన మనిషి పలవరించి, ఫిట్స్ వచ్చి, స్పృహ కోల్పోతాడు. చూసేవారికి ఎవరో ఏదో చేసినట్లే తోస్తుంది. చేసినది ఆడ అనాఫిలిస్ దోమ! కిట్‌తో రక్తపరీక్షకు పట్టేది సుమారు ఇరవై నిమిషాలు. సకాలంలో ఆర్టిసునేట్ ఇంజెక్షన్ పడితే చాలామంది బ్రతుకుతారు.

జ్వరపడిన ఇంట ఈ మాట మీ చెవిని పడితే వాదనకు దిగకండి. ముందు ఆశా కార్యకర్తను పిలిపించండి.