పారాచూట్ గుడ్డ నేసిన ఊరు

సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే ఆసామిని. పడుగులో ఒక్క పోగు తెగినా గుడ్డ పొడుగునా గీత పడుతుంది, సేటు ధర కోస్తాడు. అందుకే 2021 ఫిబ్రవరి 18న అమెరికా రోవర్ పర్సెవరెన్స్ అంగారకుడిపై దిగినప్పుడు నా ధ్యాసంతా పారాచూట్ మీదే. 21.5 మీటర్ల వెడల్పు. ఆ నైలాన్ గుడ్డ నేసింది ఇంగ్లండ్‌లోని టివర్టన్ అనే చిన్న ఊరి మిల్లు! అదే రోవర్‌లో వాతావరణ పరికరాలు స్పెయిన్‌వి, నేల లోపలికి చూసే రాడార్ నార్వేది.

మన దగ్గరా అంతే. అంగారకుడి చుట్టూ తిరిగిన మంగళయాన్‌ను మనమొక్కరమే సాధించామనే గొప్పలు నాకు నచ్చవు. 2013 నవంబరు 5న శ్రీహరికోటలో లేచిన ఆ నౌకకు నాసా యాంటెన్నాలు తోడున్నాయి. అందులో నామోషీ ఏముంది?

పొత్తుకు చిక్కులూ ఉన్నాయి. ఉక్రెయిన్ యుద్ధం వచ్చాక, 2022లో యూరప్ రష్యాతో తెగతెంపులు చేసుకుంది. రష్యా ల్యాండర్‌లో అంగారకుడికి వెళ్లాల్సిన యూరప్ రోవర్ రోజలిండ్ ఫ్రాంక్లిన్ భూమ్మీదే ఆగిపోయింది. కాబట్టి ఇస్రో రేపు అంగారకుడిపై దిగాలనుకుంటే పరికరాలు ఇచ్చిపుచ్చుకోవాలి, దించే యంత్రాన్ని మాత్రం పరాయి చేతుల్లో పెట్టొద్దు. పారాచూట్ గుడ్డకు మా ఊరినీ అడగండి. మా పాత సాంచెల మీద ఇప్పుడది కుదరదు. ముందు కొత్త మగ్గాలు, పోగు బలం చూసే ల్యాబు ఇక్కడ పెట్టాలి.