ఈ ఏడూ వేరుశనగేనా?

"ఈ ఏటికి వేరుశనగే వేసేద్దాం, వచ్చే ఏడు చూద్దాంలే." తొలకరి ముందు రచ్చబండ మీద ఏటా వినే మాటే ఇది. పోయినేడు అన్నవాళ్ళే ఈ ఏడూ అంటారు. మల్బరీ పెడదామా, పాడి పెట్టుకుందామా, అన్నీ వదిలేసి బెంగళూరు పోయి వాచ్‌మన్‌గా చేరదామా అని మనసు మూడు వైపులా లాగుతుంటుంది. చేతులు మాత్రం పాత విత్తనాల మూటే విప్పుతాయి.

రెండు మూడెకరాల రైతు ఎందుకు తటపటాయిస్తాడో అందరికీ తెలుసు. పదిహేనెకరాలున్నవాడికి ఒక ఎకరం పోతే ఆ ఏడు కొత్త బండి కొనడం ఆగుతుంది, అంతే. మీకు పోతే ఇంట్లో పొయ్యి దగ్గరే తేడా వస్తుంది. కాబట్టి భయపడటం తప్పని నేననను. కాకపోతే ఏదీ తేల్చుకోకుండా కూర్చోవడానికీ ఖర్చవుతుంది. యాభై వేల అప్పు రెండు రూపాయల వడ్డీకి ఉందనుకోండి. ఏడాదికి 12 వేలు. మూడేళ్ళు "చూద్దాంలే" అంటే వడ్డీయే 36 వేలు, అసలు అసలులాగే ఉంటుంది. కొత్త పనిలో ఎంత పోతుందో వేళ్ళ మీద లెక్కపెట్టే మనం ఈ లెక్క మాత్రం వేయం.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదీ కురవాల్సినప్పుడు కురవదు. వేరుశనగ ఊడలు దిగే వేళ రెండు వారాలు ముఖం చాటేసిందంటే కాయ సగమే. ఇది చూసే హిందూపురం, మడకశిర వైపు చాలామంది బోరు కింద మల్బరీకి మారారు. మారినవాళ్ళంతా బాగుపడ్డారని చెప్పను. ఊజీ ఈగ, పాలురోగం, మార్కెట్లో గూళ్ళ ధర ఒక్క వారంలో దిగిపోవడం, ఇవన్నీ ఉన్నవే.

మా వైపు ఒక రైతు నాలుగేళ్ళు ఊగిసలాడాడు. సలహాలకు లోటు లేదు (చెప్పేవాళ్ళకు పోయేదేముంది, నాతో సహా). చివరికి ఆయన బావమరిది ఇంటికి పోయి ఒక పంట మొత్తం, ఇరవై అయిదు రోజులు, అక్కడే ఉన్నాడు. ఆకు కోశాడు, మంచాలు శుభ్రం చేశాడు. పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాక ఆఖరి వారంలోనే మొత్తం ఆకులో ఎనభై పాళ్ళకు పైగా తినేస్తాయనీ, ఆ రోజుల్లో ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదనీ కళ్ళారా చూశాడు. తిరిగొచ్చి భార్యకు చెబితే ఆమె, "ఆకు మోసేది నేను, రాత్రిళ్ళు లేచేది నేను, నన్నడక్కుండా గుడ్లు తెస్తానంటే ఎట్టా?" అంది. ఆ మాట మీద మళ్ళీ రెండు నెలలు ఆగారు. ఆ ఆగడం మాత్రం మంచిదే. ఆమె ఒప్పుకున్నాకే అరెకరం నాటారు, మిగతాదంతా వేరుశనగే. షెడ్డుకు అప్పు చేయకుండా వంద గుడ్లతో, పాత పశువుల కొట్టానికే సున్నం కొట్టి మొదలుపెట్టారు.

రెండో పంట పోయింది. పక్క చేలో టమాటాకు కొట్టిన మందు గాలికి మల్బరీ ఆకు మీద పడింది. ఆ ఆకు తిన్న పురుగులన్నీ ఒక్కరోజులో రాలిపోయాయి. వేసింది అరెకరమే కాబట్టి తట్టుకున్నారు. ఇప్పుడు పక్క చేను ఆయన మందు కొట్టే ముందు రోజు కబురు పెడతాడు. ఎకరంన్నర మల్బరీ అయింది, వేరుశనగ కూడా ఇంకా కొంత వేస్తారు.

సబ్సిడీ సంగతి పట్టుపరిశ్రమ శాఖ ఆఫీసులో అడగండి, తప్పు లేదు. చేతికి రాని డబ్బును మాత్రం పెట్టుబడి లెక్కలో రాసుకోవద్దు.

బెంగళూరు పోవాలనుకునేవాళ్ళను ఊళ్ళో చిన్నచూపు చూస్తారు. "సేద్యం చేతగాక పోయినాడు" అంటారు. అననివ్వండి. జీతంలో గది అద్దె, తిండి, రాకపోకలు తీసేసి ఇంటికెంత పంపగలరో కాగితం మీద పెట్టండి. భూమి అమ్మవద్దు, కౌలుకివ్వండి. ఆరు నెలలు చూసి తేల్చుకుంటానని ఇంట్లో చెప్పి పొండి, ఏ పండగకు తిరిగొచ్చి మాట్లాడుకుంటారో కూడా చెప్పండి.

మల్బరీ మీద మనసున్నవాళ్ళు ఈ వారమే ఒక పని చేయండి. బోరు కింద రెండు వందల లీటర్ల డ్రమ్ము పెట్టి, ఎన్ని నిమిషాల్లో నిండుతుందో క్యాలెండరు మీద రాయండి. మే నెలలో మళ్ళీ కొలవండి. అప్పుడు రెట్టింపు సమయం పడితే ఈ ఏటికి మల్బరీ ఊసు వదిలేసి పాడి సంగతి చూడండి. పచ్చిమేతకూ ఆ బోరు నీళ్ళే కావాలన్నది కూడా లెక్కలో వేసుకుని.