తోడు

తెలుగులో 'తోడు' చిన్న మాటే గాని రెండు పనులు చేస్తుంది. ఒంటరిగా పొరుగూరు పోయేవాడికి కావలసిందీ తోడే, రాత్రి కాచిన పాలకు కావలసిందీ తోడే. మజ్జిగచుక్కకు ఆ పేరు పెట్టిన ఇల్లాలు ఎవరో గాని గట్టిదే. పులుపు తనంతట తాను రాదనీ, ఎవరో వెంట వుండి తీసుకురావాలనీ ఆమెకు తెలుసునన్నమాట.

మా నెల్లూరు సముద్రతీరపు పల్లెల్లో వెనక చాలా ఇళ్లలో తరవాణి కుండ వుండేది. నేటి పిల్లలు ఆ మాటకు నిఘంటువు తెరవాలి కాబోలు. బియ్యం కడుగు, గంజి, మిగిలిన అన్నంలో పోసిన నీళ్లు అన్నీ ఒక మట్టికుండలో చేరి రెండు మూడు రోజుల్లో పులుస్తాయి. ఆ పుల్లనీళ్లు అన్నంలో పోసుకుని, వుప్పూ పచ్చిమిరపకాయా నంజుకుని తింటే ఎండాకాలంలో అంతకన్న చలవ లేదు. కుండ మాత్రం ఎన్నడూ పూర్తిగా ఖాళీ కాదు. అడుగున కొంత వుంచి పైన కొత్త గంజి పోస్తారు. మా అవ్వ లెక్క ఒకటే: పాతది కొంచెం, కొత్తది ఎక్కువ. ఆ కుండలో మరొకటి పోయనిచ్చేది కాదు. ఆ గరిటె ఇంకో గిన్నెలో పెట్టనిచ్చేది కాదు.

అమెరికాలో వుంటున్న మా అక్క కొడుకు ఈమధ్య ఫోనులో ఒక సందేహం అడిగాడు. ఇంట్లో బీరు కాచుకోవటానికి ఆ దేశపు ఫెడరల్ చట్టం 1978లో ఒప్పుకుంది. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే నేరం. వాడు అక్కడ పుల్లబీరు పులియబెడుతున్నాడట. "మామా, అడుగున మిగిలిన మడ్డితో ఎన్నిసార్లు పులియబెట్టొచ్చు?" అన్నాడు. తెలుగు మేష్టారిని అడగవలసిన ప్రశ్నేనా ఇది? అయినా జవాబు మన వంటింట్లోనే వున్నది.

ఆ మడ్డిలో రెండు తెగలు కాపురం వుంటాయి. ఈస్టు తీపిని మద్యసారంగా మారిస్తే, లాక్టిక్ బాక్టీరియా దాన్ని పులుపు చేస్తుంది. పాలు పులియటం కూడా ప్రాణులు చేసే పనేనని 1857లో పాశ్చర్ చెప్పాడు. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ ఒకే ఈస్టు కణంనుంచి శుద్ధమైన సంతతిని పెంచాడు. పెద్ద బీరు కర్మాగారాలు ఆ దారి పట్టాయి. బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ బీరు చేసేవారు మాత్రం పాత చెక్కపీపాలు వదల్లేదు. వాళ్ల తోడు ఆ చెక్క సందుల్లోనే దాగి వుంటుంది. మన మట్టికుండ రంధ్రాల సంగతీ అంతే. అవ్వ కట్టుబాటు చాదస్తం కాదని తెలిసింది గదా!

అయితే ఈ రెండు తెగలూ సమంగా పెరగవు. వెచ్చదనం హెచ్చితే బాక్టీరియాది పైచెయ్యి. బీరులో వేసే హాప్స్ అనే చేదుపూలు ఎక్కువైతే అది తల ఎత్తలేదు. పులుపు ముదిరితే ఈస్టు నీరసిస్తుంది. అందుకే తెలిసినవారు పాత మడ్డితోబాటు కొత్త ఈస్టు కొంచెం చేరుస్తారు. ఇన్నిసార్లేనని లెక్క లేదు. వాసన చెడినా, బూజు పట్టినా పారబోసి మళ్లీ మొదలుపెట్టాలి. వాడికి ఆ మాటే చెప్పాను.

మా తీరంలో కల్లు గీసేవారికీ ఇది తెలిసిన విద్యే. తాటిచెట్టునుంచి కారేటప్పుడు రసం తియ్యనిదే. లొట్టిలో నిన్నటి తడి వుంటే కొద్ది గంటల్లోనే పులిసిపోతుంది. తియ్యని నీరా కావాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు. సున్నం తోడును తొక్కిపెడుతుంది.

కల్లు, బీరు అన్నానని నొచ్చుకోకండి. 1992లో మా జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు లేవదీసిన సారా వ్యతిరేకోద్యమం 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించేదాకా నడిచింది. మగవాడి కూలిడబ్బులు ఎక్కడికి పోయేవో ఎరిగిన జిల్లాలో పుట్టినవాణ్ణి, తాగుడును మెచ్చుకోను. నా బెంగ తరవాణి గురించే. ఇంటింటా ఫ్రిజ్ వచ్చింది, కుండ పెరట్లోకి పోయింది. అవ్వ పోయిన ఏడాదే మా కుండ పగిలింది. కొత్త కుండ సంతలో దొరుకుతుంది. అందులోని సంతతి ఏ సంతలో దొరుకుతుంది?

దొరికింది, మా చిన్నత్త ఇంట్లో. ఆమె కాపురానికి వెళ్లేటప్పుడు అవ్వ ఒక చెంబెడు తరవాణి పోసి పంపిందట. మొన్న సంక్రాంతికి చిన్నత్త దగ్గర ఒక చెంబెడు తెచ్చుకున్నాము. అవ్వ దాచుకున్నది పగిలిపోయింది, ఇచ్చినది మిగిలింది.

దీపాలు పెట్టాక పెరుగు ఎవరికీ ఇవ్వకూడదని కొందరి పట్టింపు. కాదనను. కాని పక్కింటి పిల్ల గిన్నె పట్టుకుని వస్తే, దీపం వెలిగించటం ఒక్క నిమిషం ఆపితే పోలా?