బోదకాలు: నీళ్ళ మీద పడిన నింద

దెందులూరు నుంచి కొల్లేటి లంకల దాకా బోదకాలు సంగతెత్తితే, పాతతరంలో కొందరు ఇప్పటికీ ‘ఆ ఊరి నీళ్ళు పడలేదు’ అంటారు. నవ్వుకోనక్కర్లేదు. నూట పాతికేళ్ళ కిందట లండన్ డాక్టర్లూ దాదాపు అదే మాట అన్నారు.

చైనాలోని అమోయ్ రేవులో పనిచేసిన పాట్రిక్ మాన్సన్, రోగి రక్తం తాగిన దోమ ఒంట్లో, బోదకాలు తెచ్చే ఫైలేరియా పిల్లపురుగులు పెరగడం 1877లో చూశాడు. పెద్ద విషయమే. కానీ దోమ ఒక్కసారే రక్తం తాగి, నీటి మీద గుడ్లు పెట్టి అక్కడే చస్తుందని ఆయన నమ్మకం. అందుకే చచ్చిన దోమలోంచి పురుగులు నీళ్ళలోకి, ఆ నీళ్ళు తాగినవాళ్ళ ఒంట్లోకి చేరతాయని తేల్చాడు. గాలిలో పుట్టిన ఊహ కాదది. నారికురుపు నీళ్ళలోని సైక్లాప్స్ అనే చిన్న పురుగు ద్వారానే వస్తుందని 1870 ప్రాంతంలో ఫెద్చెంకో చూపించి ఉన్నాడు.

మాన్సన్ దీన్నే మలేరియాకూ అతికించాడు. ఆ మాట పట్టుకుని రొనాల్డ్ రాస్ 1895లో సికింద్రాబాదులో, దోమలు చచ్చిన నీళ్ళు లచ్మన్ అనే యువకుడి చేత తాగించాడు. కొద్ది రోజులకు జ్వరం వచ్చింది, రాస్ సంబరపడ్డాడు. ఇంకొందరికి పట్టిస్తే ఏమీ కాలేదు. (ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటుంది?) 1897 ఆగస్టు 20న అక్కడే, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమ పొట్టలో మలేరియా క్రిమి దొరికింది. కుట్టిన ఒక్కో దోమకు రాస్ అతనికి అణా చొప్పున ఇచ్చాడట. మరుసటేడు కలకత్తాలో, పక్షి మలేరియా క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లో కనిపించింది. 1900లో మాన్సన్ శిష్యుడు జార్జ్ లో (Low) ఫైలేరియా పురుగుల్ని దోమ తొండంలోనే చూపించాడు, అంటే అవి కాటుతోనే ఒంట్లోకి వస్తాయన్నమాట. నీళ్ళ సిద్ధాంతం గురువుగారి ఇంట్లోనే ముగిసింది.

ఊళ్ళలో ముగియలేదు. ఇంటికి మినరల్ వాటర్ క్యాన్ వస్తుంది. దొడ్లో మరుగుదొడ్డి ట్యాంకు గాలిగొట్టానికి మాత్రం జాలీ ఉండదు. ఫైలేరియాను మోసే క్యూలెక్స్ దోమకు కావలసింది ఆ మురుగే. పిల్లపురుగులు రక్తంలో రాత్రిపూటే తిరుగుతాయని కనిపెట్టిందీ మాన్సనే. అది మాత్రం నిలిచింది. అందుకే రక్తపరీక్షకు ఆరోగ్య సిబ్బంది రాత్రివేళ తలుపు తడతారు. ఒంట్లో పురుగులున్నా ఏళ్ళ తరబడి కాలు వాయకపోవచ్చు. ఆ పురుగుల్ని చంపే డీఈసీ మాత్రలు ఇంటికి తెచ్చి ఇచ్చినా ‘మేం ఫిల్టర్ నీళ్ళే తాగుతాం, మాకెందుకు’ అని అలమరలో పెట్టేస్తే, ఆ ఇంటి దోమ పక్కింటికి వెళ్తుంది. మాత్రలు కళ్ళెదుటే మింగించడం, ప్రతి గాలిగొట్టానికీ జాలీ కట్టించడం: పంచాయతీలు ముందు పట్టించుకోవలసినవి ఇవి.