ఇంట్లో ఏ భాష అని ఎవరూ అడగలేదు

మా అన్న కూతురు పోయినేడు కోయంబత్తూరులోనే ఒక థెరపిస్ట్ దగ్గరికి నాలుగు నెలలు వెళ్ళింది. వాళ్ళ అవ్వ, అంటే మా అమ్మ, పోయినప్పటినుంచీ దానికి నిద్ర లేదు. వారానికొక గంట. మాటంతా ఇంగ్లీషులోనే, మధ్యమధ్య కాస్త అరవం. "అన్నీ చెప్పుకున్నా అత్తా, కానీ ఒక్కసారి కూడా ఏడుపు రాలేదు" అంది. అవ్వ దానితో తెలుగు తప్ప ఇంకో భాష మాట్లాడి ఎరగదు. "మీ ఇంట్లో ఏ భాష అని ఆమె అడిగిందా?" అంటే, లేదంది.

ఆమె శ్రద్ధగానే విన్నదట, ఆమెను తప్పుపట్టను. నా ఫిర్యాదంతా ఈ విద్యకు మూలమైన పుస్తకాలను చదివే పద్ధతి మీద.

మాటలతో మనసుకు చేసే వైద్యానికి తొలి పుస్తకం అనదగ్గది వియన్నా డాక్టర్లు బ్రాయర్, ఫ్రాయిడ్ 1895లో హిస్టీరియా మీద వేసిన పుస్తకం. అందులో మొదటి రోగికి పెట్టిన మారుపేరు అన్నా ఓ. 1880లో తండ్రి మంచాన పడి ఉండగా ఆమె జబ్బు మొదలైంది. కొన్నాళ్ళకు పుట్టు భాష జర్మన్ నోటికి రాకుండా పోయింది, ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది. ఫ్రెంచి పుస్తకం చేతికిస్తే గడగడా ఇంగ్లీషులోకి మార్చి చదివేది. బ్రాయర్ వెళ్ళి పక్కన కూర్చుని ఓపిగ్గా వినేవాడు. ఈ పద్ధతికి 'టాకింగ్ క్యూర్' అని పేరు పెట్టింది కూడా ఆమే, అదీ ఇంగ్లీషులోనే. అమ్మ భాష తప్పిపోయిన మనిషితోనే ఈ విద్య మొదలైందన్నమాట!

తర్వాతివాళ్ళు ఆ పుస్తకంలోంచి ఎక్కువగా తీసుకున్నవి అణచుకున్న కోరికలు, మరిచిపోయిన జ్ఞాపకాలు. భాష సంగతి పక్కకుపోయింది. అసలెవరూ పట్టించుకోలేదని అనను. 1950లో అమెరికాలో రాల్ఫ్ గ్రీన్‌సన్ దీనిమీదే ఒక వ్యాసం రాశాడు. ఆయన పేషెంటు ఒకామెది జర్మన్ మాట్లాడే ఇల్లు. ఇంగ్లీషులో హుందాగా మాట్లాడే ఆమె జర్మన్‌లోకి రావాలంటే జంకేది, ఆ భాషలో తను మళ్ళీ భయపడే చిన్నపిల్ల అయిపోతుంది కాబట్టి.

1912లో ఫ్రాయిడ్ డాక్టర్లకు కొన్ని సలహాలు రాశాడు. ఏ ఒక్కదాన్నీ పట్టుకోకుండా అంతా సమంగా వినాలి, వింటూ నోట్సు రాయకూడదు, తన సంగతులు బయటపెట్టకుండా అద్దంలా ఉండాలి. చాలామంది ఆ అద్దాన్నే గట్టిగా పట్టుకున్నారు. అదే ఫ్రాయిడ్ 1907లో, 'ర్యాట్ మ్యాన్' అని పేరుపడ్డ పేషెంటు ఆకలితో వస్తే భోజనం పెట్టించాడు. ఆయన రాసుకున్న కాగితాలు 1955లో అచ్చయ్యాక ఈ సంగతి బయటికొచ్చింది. మా అమ్మా అంతే, మడీ ఆచారమూ అని నలుగురికీ చెప్పేది, ఆకలన్న పిల్లకు మాత్రం నైవేద్యం కాకముందే పెట్టేసేది.

అన్నా ఓ బాగుపడిందనే పుస్తకం చెప్తుంది. 1882లోనే ఆమెను స్విట్జర్లాండులో శానటోరియంలో చేర్చారని ఎలెన్‌బర్గర్ అనే చరిత్రకారుడు 1972లో కాగితాలతో సహా చూపించాడు. కాబట్టి మూలగ్రంథమని కళ్ళకద్దుకుని ఊరుకుంటే లాభం లేదు. నేనైతే ఆ పుస్తకంలోంచి సిద్ధాంతం కంటే ముందు, బ్రాయర్ ఆమెకు మిగిలిన భాషలోనే కూర్చుని విన్న ఆ ఓపికను నేర్చుకోమంటాను.

మనబోటి ఇళ్ళల్లో ఇది చిన్న విషయం కాదు. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో ఉన్న తెలుగువాళ్ళు వంటింట్లో ఒక భాష, వీధిలో ఒకటి, ఆఫీసులో ఇంకొకటి మాట్లాడతారు. తెలుగులో చెప్తేనే నిజం అని కూడా నేననను. అమ్మ ముందు నోరెత్తలేని సంగతులు కొన్ని ఇంగ్లీషులో అయితేనే బయటికొస్తాయి, ఆ ఇంగ్లీషు అడ్డుతెరా కావచ్చు, ఊపిరి తీసుకునే కిటికీ కావచ్చు. ఏదో తెలియాలంటే అడగాలి కదా? థెరపిస్టుకు తెలుగు రాకపోతే ఏం, ముందు తెలుగులో చెప్పనిచ్చి, ఆ తర్వాత అర్థం చెప్పమంటే సరి. గొంతు ఎక్కడ మారిందో వినడానికి భాష రానక్కర్లేదు.

మీ ఇంట్లో ఎవరైనా వెళ్తుంటే, అడిగినా అడక్కపోయినా మొదటి రోజే ఇంటి భాష సంగతి చెప్పమనండి. మా పిల్ల మళ్ళీ ఆవిడ దగ్గరికే వెళ్తోంది. ఈసారి తనే చెప్పింది.