గట్టు మీద నడిచే హక్కు

1954 జనవరిలో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఒక సంపాదకీయం రాసింది. పోటోమాక్ నది పక్కన పాడుబడి ఉన్న చెసపీక్ అండ్ ఒహాయో కాలువ వెంట కార్లు తిరిగే రోడ్డు వేయాలన్న ప్రతిపాదనను అందులో సమర్థించింది. కాలువలో పడవలు ఆగిపోయి అప్పటికి 30 ఏళ్లు. లాకుల్లో చెట్లు మొలిచాయి. పడి ఉన్న జాగాలో రోడ్డు వేస్తే జనం వచ్చి నది అందాలు చూసి వెళ్తారన్నది పత్రిక వాదన. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం ఒ. డగ్లస్‌కు అది మింగుడుపడలేదు. సంపాదకీయం రాసినవారు తనతో పాటు కాలువ పొడవునా నడవాలనీ, నడిచాక ఏమంటారో చూద్దామనీ పత్రికకే ఉత్తరం రాశారు.

పత్రిక ఆ సవాలుకు సరేనంది. మార్చి 20న కంబర్లాండ్ నుంచి అందరూ బయలుదేరారు. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ దాకా 297 కిలోమీటర్లు, ఎనిమిది రోజుల నడక. డగ్లస్‌కు అప్పుడు 55 ఏళ్లు. దారిలో చాలామంది తప్పుకున్నారు. మొత్తం దూరం నడిచినవారు ఆయనతో కలిపి తొమ్మిది మందే. పోస్ట్ రచయితలు నడిచింది కొంత దూరమే అయినా, పత్రిక తన అభిప్రాయాన్ని మార్చుకుని ఆ సంగతి బాహాటంగా రాసింది. రోడ్డు రాలేదు.

ఈ కథను ఒక పట్టుదల గల మనిషి విజయంగా చెప్పుకోవడం రివాజు. అసలు పాఠం ఆ తర్వాతి 17 ఏళ్లలో ఉంది. ఆ నడకతో రోడ్డు ఆలోచన వెనక్కి పోయిందే తప్ప, గట్టుకు రక్షణ దొరకలేదు. 1961లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పదవి దిగిపోయే ముందు దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. 1971లో కాంగ్రెస్ చట్టంతో అది జాతీయ చారిత్రక పార్కు అయింది. ఇదంతా సాధ్యం కావడానికి ముందే జరిగిన పని ఇంకొకటి ఉంది. 1938లో ఫెడరల్ ప్రభుత్వం 20 లక్షల డాలర్లిచ్చి ఆ కాలువను రైల్వే కంపెనీ నుంచి కొనేసింది. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఎక్కడా తెగని గట్టు ఒకే యజమాని చేతిలో ఉండబట్టే కాపాడటం కుదిరింది. ముక్కలుగా పంచుకుపోయి ఉంటే ఏ న్యాయమూర్తి ఎంత నడిచినా ప్రయోజనం ఉండేది కాదు.

కాలువకూ రైలుకూ మధ్య పోటీ ఎలా సాగిందో కూడా చెప్పుకోవాలి. 1828 జులై 4న, ఒకే రోజున, కాలువ పనులూ బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే పనులూ మొదలయ్యాయి. రైలు 1842లోనే కంబర్లాండ్ చేరింది. కాలువ చేరేసరికి 1850 అయింది. పా పా సొరంగం ఒక్కదానికే 14 ఏళ్లు పట్టింది. నది మెలికలు తిరిగే చోట కొండను తొలిచి కట్టిన ఆ సొరంగం పొడవు 950 మీటర్లు. లోపలి తాపడానికి 60 లక్షలకు పైగా ఇటుకలు వాడారు. ఇవాళ టార్చిలైటు లేకుండా అందులో నడవడం కష్టం. ఒక పక్క నీళ్లు, ఒక పక్క ఇటుక గోడ, మధ్యలో కంచర గాడిదలు నడిచిన సన్నటి బాట. బాట అంచున ఉన్న చెక్క కమ్మీని వేలితో తడిమితే పడవ తాళ్లు ఒరుసుకుని పడిన గాట్లు తెలుస్తాయి. ఏళ్ల తరబడి బరువు లాగిన తాళ్ల గుర్తులవి. మ్యూజియంలో అద్దం వెనక పెట్టి చూపించే వస్తువులకు ఈ గుణం రాదు.

వర్జీనియా, మేరీలాండ్‌లలో స్థిరపడిన తెలుగువాళ్లు గ్రేట్ ఫాల్స్ చూడటానికి మేరీలాండ్ వైపు వెళ్తే నడిచేది ఈ గట్టు మీదే. దారి పొడవునా కొన్ని కిలోమీటర్లకొకటి చొప్పున డేరా వేసుకునే జాగాలు, చేతిపంపులు ఉన్నాయి. లాకు కాపలాదారుల పాత ఇళ్లు కొన్నింటిని రాత్రి బసకు అద్దెకిస్తున్నారు. కంబర్లాండ్ నుంచి పిట్స్‌బర్గ్ దాకా మరో 240 కిలోమీటర్ల బాట 2013 నాటికి పూర్తయి దీనితో కలిసింది.

బ్రిటన్‌లో హక్కు ఇంకో రకంగా వచ్చింది. 1932లో పీక్ డిస్ట్రిక్ట్‌లోని కిండర్ స్కౌట్ కొండ మీదికి జమీందారుల ఆంక్షలను ధిక్కరించి కార్మికులు నడిచారు. అయిదుగురు జైలుకెళ్లారు. 1949 చట్టం ప్రతి కౌంటీలోని కాలిబాటలన్నింటినీ సర్వే చేసి మ్యాపులో ఎక్కించమంది. ఒక బాట మీద జనం అడ్డులేకుండా 20 ఏళ్లు నడిస్తే అది ప్రజల బాటేనని చట్టం సాధారణంగా భావిస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో అలాంటి బాటలు మొత్తం సుమారు 2,25,000 కిలోమీటర్లు. చాలావరకు ప్రైవేటు పొలాల గుండానే వెళ్తాయి. రైతు దుక్కి దున్నుకోవచ్చు, కానీ చేనుకు అడ్డంగా పోయే బాటను చట్టం చెప్పిన గడువులోగా తిరిగి నడిచేలా చేయాలి. రైతుకూ బాటసారికీ మధ్య ఒప్పందం ఇంత వివరంగా రాసుకోబట్టే అక్కడ నది లోయల్లో నడక మామూలు విషయమైంది.

మరి గోదావరి డెల్టా? చెసపీక్ కాలువ కంబర్లాండ్ చేరిన రెండేళ్లకే, 1852లో, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. సర్ ఆర్థర్ కాటన్‌కు కాలువ అంటే పొలానికి నీరు మాత్రమే కాదు, సరుకుకు రవాణా దారి కూడా. ఏలూరు కాలువ గోదావరిని బెజవాడ దగ్గర కృష్ణతో కలిపింది. అక్కడి నుంచి కొమ్మమూరు, బకింగ్‌హామ్ కాలువల మీదుగా పడవలు మద్రాసు దాకా వెళ్లేవి. అమెరికాలో కంచర గాడిదలు చేసిన పని ఇక్కడ మనుషులు చేశారు. తాడు భుజాన వేసుకుని గట్టు మీద నడుస్తూ పడవను లాగారు. ఇక్కడా రైలు, లారీ వచ్చి పడవను ఓడించాయి. పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయను కాలువ అక్విడెక్టు మీదుగా దాటే తీరు చూసినవారికి, ఈ కట్టడాలు పోటోమాక్ ఒడ్డున ఉన్నవాటికి ఏమాత్రం తీసిపోవని చెప్పనక్కర్లేదు.

తేడా గట్టు దగ్గర వచ్చింది. ఇక్కడ గట్టు ఎవరి కంటికీ ఒక దారిగా కనపడదు. కొంత దూరం తారురోడ్డు, కొంత దూరం చెత్తకుప్ప, ఆపైన చేపల చెరువు కంచె. 2008లో కేంద్రం ఈ కాలువలను నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చినప్పుడూ చర్చంతా పడవల గురించే. డొంకలు, పుంతల గతి ఇంతకన్నా హీనం. గ్రామ నక్షాలో డొంక ఉంటుంది, వెళ్లి చూస్తే అక్కడ చేను ఉంటుంది. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ప్రకారం బాటలు, కాలువలు ప్రభుత్వ ఆస్తే. ఆస్తి ఎవరిదో చెప్పిన చట్టం నడిచేవాడి గురించి ఆలోచించలేదు.

తెలుగువాళ్లకు నడిచే అలవాటు లేదనే మాట నిలవదు. అలిపిరి మెట్లు, నల్లమల గుండా శ్రీశైలం వెళ్లే శివరాత్రి పాదయాత్రలే అందుకు సాక్ష్యం. రైతుల అభ్యంతరాల్లో మాత్రం నిజం ఉంది. బయటివాళ్లు వస్తే కొబ్బరికాయలు పోతాయనో, సీసాలు పొలంలో పడతాయనో వాళ్లు భయపడితే తప్పు పట్టలేం. దానికి కాపలా, జరిమానా ఉండాలి. అంతకంటే పెద్ద చిక్కు ఇళ్లది. సెంటు భూమి లేని కుటుంబాలెన్నో తరాలుగా కాలువ గట్ల మీదే బతుకుతున్నాయి. నడక బాట పేరు చెప్పి వాళ్ల గుడిసెలు పీకితే అది ఘోరం. కాలువకు గట్లు రెండు. ఇళ్లున్న చోట బాటను అవతలి గట్టుకు మళ్లించి, లాకు దగ్గరో వంతెన దగ్గరో దాటిస్తే సరిపోతుంది.

ఇలాంటి ఆలోచన రాగానే సిమెంటు పలకలు, రంగు దీపాలు, సెల్ఫీ బోర్డుల అంచనాలు తయారవుతాయి. నడిచేవారికి కావలసింది తుమ్మ, రావి చెట్ల నీడ, మంచినీళ్లు, ఎక్కడా తెగని మట్టిబాట. ధవళేశ్వరం నుంచి కడియపులంక నర్సరీల మీదుగా ఒక్క వరసను ముందు తీసుకోవచ్చు. రెవెన్యూ, జలవనరుల శాఖలు కలిసి నక్షా చూసి హద్దురాళ్లు పాతాలి. ఆ హద్దుల పటాన్ని దారిలోని ప్రతి పంచాయతీ కార్యాలయంలో గోడకు అతికించాలి. ఏటా వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీసే రోజులుంటాయి. తీసిన మట్టిని గట్టు మీద గుట్టలుగా వదిలేయకుండా చదును చేయాలన్న షరతును ఆ టెండర్లలో చేరిస్తే, మొదటి ఏడాది పనిలో సగం అందులోనే అయిపోతుంది.